ఐ.ఏ. కాగితాన్ని పక్కన పడేయొద్దు



మన పేటల్లో సమను వస్తే 'సివిలు కేసేగా, పదేళ్లు పడుతుంది, చూద్దాంలే' అంటాం. దావా పదేళ్లు పట్టొచ్చు. కానీ దానికి పిన్ను కొట్టి ఇంకో చిన్న పిటిషన్ ఉంటుంది, ఐ.ఏ. అని నెంబరు వేసి. మన పొలంలో మనం దిగాలా వద్దా అనేది ముందు తేలేది దాంట్లోనే.

మహద్ సంగతే తీసుకోండి. 1927 మార్చిలో బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగారు. డిసెంబరులో మళ్లీ వెళ్లబోతుంటే, ఆ చెరువు మాదంటూ సవర్ణులు దావా వేశారు. మనవాళ్ల మాట వినకుండానే కోర్టు డిసెంబరు 14న తాత్కాలిక ఇంజంక్షన్ ఇచ్చేసింది. జనం వచ్చారు, చెరువు ఎదురుగానే ఉంది, నీళ్లు ముట్టకుండా తిరిగిపోయారు! బాబాసాహెబ్ కోర్టులో కొట్లాడితే 1928 ఫిబ్రవరి 23న ఆ ఆర్డరు రద్దయింది. అసలు దావా బొంబాయి హైకోర్టులో ముగిసేసరికి 1937 మార్చి.

ఈనాటికీ 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 39వ ఆర్డరు కిందే ఈ పిటిషన్ వేస్తారు. కేసులో పైకి పస కనపడుతోందా, ఆర్డరు ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, డబ్బుతో పూడని నష్టమా అని జడ్జి చూస్తాడు. పొలం దావాల్లో ఇదంతా స్వాధీనం దగ్గరికే వస్తుంది. దావా వేసిన రోజున దున్నుతున్నదెవరు? 'నేనే' అని ఆసామి అఫిడవిట్ రాస్తాడు. మనం కౌంటర్ వేయకపోతే జడ్జి ముందుండేది ఆ ఒక్క మాటే. సాక్షుల్ని బోనెక్కించేది తర్వాతెప్పుడో. ఇక్కడ మాట్లాడేవి అడంగల్, శిస్తు రసీదు, డి-ఫారం పట్టా. చూరులో దోపిన రసీదులు చెదలు తినకముందే తీయండమ్మా.

మనకు చెప్పకుండా ఆర్డరు ఇస్తే కారణం రాయాలనీ, 30 రోజుల్లో ఆ పిటిషన్ తేల్చడానికి చూడాలనీ కోడే చెబుతోంది. ఎంతవరకు జరుగుతోందో వాయిదాలు తిరిగినవాళ్లకు తెలుసు. ఆర్డరు రద్దు చేయమని మనమూ పిటిషన్ వేయొచ్చు. అందాకా దాన్ని దాటొద్దు. ఆస్తి జప్తు చేస్తారు, 3 నెలల దాకా సివిల్ జైలు కూడా. ఆసామి కోర్టుకెక్కబోతున్నాడని ముందే తెలిస్తే 148-ఎ కింద కేవియట్ వేయాలి. 90 రోజులు పనిచేస్తుంది.

వకీలు ఫీజా? 1987 న్యాయ సేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలునిస్తారు. కులం సర్టిఫికెట్టు పట్టుకుపోండి.

సమను అందినవాళ్లు సభ అయ్యాక ఉండండి. వాయిదా తేదీ ఎప్పుడో ముందు చూద్దాం.