రెండో బుట్ట ఎందుకు మూలపడుతుంది?

తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తారా అని ఏ ఇంట అడిగినా "ఎందుకు చెయ్యం?" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే విడివిడిగా ఇచ్చినదాన్ని బండిలో ఒకే గుట్టగా గుమ్మరించడం ఒక్కసారి కంటపడితే చాలు, మర్నాటి నుంచి వంటింట్లో మళ్లీ ఒకటే బుట్ట. ఇది బద్ధకం కాదు, నమ్మకం పోవడం అంటాను నేను.

సూర్యాపేట సంగతి చూడండి. 2000 దశకం తొలినాళ్లలో, అది ఇంకా నల్గొండ జిల్లాలో ఉన్నప్పుడు, వీధి కుండీలు తీసేసి ఇంటింటికీ బండి పంపారు. తడి చెత్త వర్మీకంపోస్టు అయింది, పొడిది అమ్ముడుపోయింది. పురపాలక సంఘానికి ఆదాయమూ వచ్చింది. తాము వేరు చేసింది ఏమవుతోందో జనానికి కనిపించింది మరి!

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు మూడో బుట్ట కూడా అడిగాయి: కాలం చెల్లిన మందులు, పాత బ్యాటరీల వంటివాటికి. అపార్ట్‌మెంట్లలో ఈ వేరు చేసే పని చాలావరకు పనిమనిషి మీద పడుతుంది. ఏది ఎందులో వెయ్యాలో ఆమెకు చెప్పేవాళ్లు తక్కువ.

ఏది ఎందులో అన్నదే కాదు, ఎలా వెయ్యాలన్నదీ తెలియాలి. పొడి చెత్తలో పడే పాల ప్యాకెట్లే చూడండి. కడిగి ఆరబెడితే వాటిని కొనేవాళ్లున్నారు. పాలు అంటుకుని పులిసిపోతే మాత్రం ఎవరూ ముట్టుకోరు.