ఉగాది విందు - పదిమంది చేతులు

ఉగాది దగ్గర పడుతున్నదంటే ఇళ్ళల్లో ముందుగా వినిపించే మాట "ఈసారి ఎవరెవరు వస్తున్నారు?" అని. ఆ వెనకే వచ్చే మాట "అంతమందికీ ఎవరు వండుతారు?" అని. మొదటి ప్రశ్నకు ఇంటిల్లిపాదీ ఉత్సాహంగా జవాబు చెబుతారు. రెండో ప్రశ్నకు మాత్రం చాలా ఇళ్ళల్లో జవాబు ఒక్కరే, ఆ ఇంటి పెద్దావిడ. ఆవిడకు ఓపిక ఉన్నన్నాళ్ళు పండుగ నడుస్తుంది. ఓపిక తగ్గిన ఏడు బొబ్బట్లు దుకాణం నుంచి వస్తాయి. ఆ పై ఏటినుంచి చుట్టాల రాకపోకలు కూడా పలచబడతాయి. పాతికమంది బంధువులు కలిసే ఉగాది విందును ఒక్కరి నడుం మీద కాకుండా అందరి చేతుల మీదుగా ఎలా జరుపుకోవచ్చునో ఈరోజు మీతో ముచ్చటిస్తాను.

ఇది కేవలం వంటకు సంబంధించిన విషయమే అయితే ఇంతగా చెప్పుకోనక్కరలేదు. మనం హోసూరు, కృష్ణగిరి వైపు వాళ్ళం కావచ్చు. బళ్ళారి, కోలారు వాళ్ళం కావచ్చు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వాళ్ళం కావచ్చు. షోలాపూర్, నాందేడ్ వాళ్ళం కావచ్చు. తరతరాలుగా ఉన్న ఊళ్ళే ఇవి మనకు. యానాం వంటి చోట్ల సంగతి వేరుగాని, తక్కిన చోట్ల పిల్లలు బడిలో దిద్దేది ఎక్కువగా ఆయా రాష్ట్రాల భాష. అందులో తప్పు లేదు, ఆ భాష రావాలి కూడాను. కానీ తెలుగు అక్షరం రాని పిల్లలకు తెలుగు మాట దొరికే చోటు ఇల్లే. అందులోనూ వంటిల్లు. దంచడం, దోపడం, రుబ్బడం, మెదపడం, వార్చడం, చిదమడం, వత్తడం, దోరగా వేయించడం - ఈ మాటలు పాఠ్యపుస్తకం చదివితే వచ్చేవి కావు. పక్కన కూర్చుని చేస్తే వచ్చేవి. "అత్తా, ఇది చాలా? ఇంకా మెదపాలా?" అని పిల్ల అడిగిందంటే ఆ ఒక్క మాటలో వంటా వచ్చింది, వరసా వచ్చింది, భాషా వచ్చింది. పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి పెద్దవాళ్ళే వండి పెడితే వాళ్ళకు వచ్చేది తినడం ఒక్కటే.

ఇక ఏర్పాట్ల సంగతి చూద్దాం. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి నాడు. మార్చి రెండో సగంలోనో, ఏప్రిల్ మొదటి సగంలోనో వస్తుంది. కర్ణాటకలో యుగాది, మహారాష్ట్రలో గుడి పడ్వా అదే రోజు. తమిళుల సంవత్సరాది, ఒరియావారి పణా సంక్రాంతి సౌరమానం ప్రకారం ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తాయి. కాబట్టి బళ్ళారిలో ఉన్నవారికీ, బరంపురంలో ఉన్నవారికీ సెలవు లెక్క ఒకటి కాదు. ఎవరికి సెలవు ఉంది, ఎవరు ముందు రోజు సాయంత్రానికే రాగలరు, ఎవరు భోజనం వేళకు మాత్రమే అందుకోగలరు అన్నది పదిహేను రోజుల ముందే తెలుసుకోవాలి. ముందు రోజు వచ్చేవారికి వంట పని, ఆలస్యంగా వచ్చేవారికి వడ్డన, సర్దుడు పని. ఈ పంపకం కాగితం మీద పేరు పేరునా రాసి వంటింటి గోడకు అంటించండి. "ఎవరైనా చేస్తారులే" అనుకున్న పని చివరకు ఆ పెద్దావిడ మీదనే పడుతుంది.

కాగితం, కలం దగ్గర ఉంటే లెక్కలు రాసుకోండి. పాతికమందికి చెబుతున్నాను. శనగపప్పు ఒక కిలో, బెల్లం ఒక కిలో, పై పిండికి మైదా గాని, మైదా గోధుమపిండి కలిపి గాని ముప్పావు కిలో. వీటితో చేతివాటాన్ని బట్టి 50 నుంచి 60 బొబ్బట్లు వస్తాయి. మనిషికి రెండు చొప్పున సరిపోతాయి. గారెలకు మినపప్పు ఒక కిలో. పులిహోరకు బియ్యం ఒక కిలో, చింతపండు సుమారు 125 గ్రాములు. మామిడికాయ పప్పుకు కందిపప్పు ముప్పావు కిలో. మామూలు అన్నానికి బియ్యం రెండున్నర కిలోలు. ఇన్ని పిండివంటలు ఉన్నప్పుడు అంతకు మించి పట్టదు. పెరుగుకు మూడు లీటర్ల పాలు తోడు పెట్టుకోవాలి. ఒక కూర, ఒక పచ్చడి మీ ఇంటి ఆనవాయితీని బట్టి. పదిరకాలు చేసి అలసిపోవడం కంటే ఏడు రకాలు చేసి నవ్వుతూ వడ్డించడం మేలు.

ఉగాది పచ్చడి సంగతి మీకు తెలిసినదే. వేపపువ్వు, కొత్త బెల్లం, కొత్త చింతపండు, మామిడికాయ, ఉప్పు, కారం - ఆరు రుచులు. కొన్ని ఇళ్ళల్లో చిక్కగా, కొన్ని ఇళ్ళల్లో కొత్త కుండలో తాగే నీళ్ళలా పలచగా చేస్తారు. ఇది పూర్తిగా పిల్లలకు అప్పగించవలసిన పని. పొద్దున్నే వేపపువ్వు కోసుకురావడం, కాడలు ఏరి పూరేకులు దులపడం, బెల్లం కొట్టడం, మామిడికాయ ముక్కలు చిన్నగా తరగడం - కత్తి పని దగ్గర మాత్రం ఒక పెద్దవారు తోడుంటే చాలు. తమ చేతులతో కలిపిన పచ్చడి చేదని ఏ పిల్లవాడూ పక్కకు నెట్టడు.

బొబ్బట్లకు అసలు పని ముందు రోజు సాయంత్రమే మొదలవుతుంది. శనగపప్పు ఒక గంట నానబెట్టి, వేళ్ళతో నొక్కితే మెదిగేటట్టు, కానీ ముద్దయిపోకుండా ఉడికించాలి. పప్పు ఉడకకముందే బెల్లం వేస్తే ఇక ఎంత మంట పెట్టినా ఆ పప్పు మెత్తబడదు. ఉడికాక నీళ్ళు వంపేసి, బెల్లం వేసి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నని సెగ మీద దగ్గరపడనివ్వాలి. పూర్ణంలో గరిటె నిలబెడితే పడిపోకుండా నిలిచిందంటే దింపుకోవచ్చు. యాలకుల పొడి చల్లి, పూర్తిగా ఆరిన తరువాతే మూత పెట్టండి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై దిగుతుంది, ఎండాకాలం కనుక తెల్లారేసరికి పులిసిపోతుంది. చోటు ఉంటే ఫ్రిజ్‌లో పెట్టడం ఇంకా క్షేమం.

వంపిన నీళ్ళను పారబోయకండి. దానినే మనం కట్టు అంటాం. దానిలో చింతపండు రసం, కాస్త పూర్ణం, చారుపొడి వేసి కాచి, ఆవాలు, కరివేపాకు, ఇంగువతో పోపు పెడితే కట్టు చారు. కన్నడ దేశంలో హోళిగె సారు, కట్టిన సారు అని వాళ్ళు చేసేదీ, మహారాష్ట్రలో పూరణ్ పోళీతో పాటు కటాచీ ఆమటీ అని వడ్డించేదీ ఇదే. బొబ్బట్టుకు కూడా అలాగే ఎన్ని పేర్లో చూడండి. కోస్తా వైపు బొబ్బట్టు, తెలంగాణలో భక్ష్యం, పోలె, రాయలసీమ అంచుల్లో ఓళిగ. మీ ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరుతోనే పిల్లలకు చెప్పండి. మన ఇంటి మాట పుస్తకంలో కనబడనంత మాత్రాన అది తప్పు మాట కాదు.

సరిహద్దు జిల్లాల్లో మనకు ఇంకొక సంగతి ఉంది. మన ఇళ్ళకు కన్నడ కోడళ్ళు వచ్చారు, తమిళ అల్లుళ్ళు వచ్చారు, ఒరియా, మరాఠీ వియ్యాలవారు ఉన్నారు. పండుగ పూట వాళ్ళను అతిథుల్లా ఒక పక్కన కూర్చోబెట్టకండి. వాళ్ళకూ ఒక వంట అప్పజెప్పండి. కన్నడ కోడలు కోసంబరి చేస్తుంది, అది మన వడపప్పుకు అక్కచెల్లెలే. తమిళులు తమ సంవత్సరాదికి మామిడికాయ, బెల్లం, వేపపువ్వు కలిపి పచ్చడి చేస్తారు. మన ఉగాది పచ్చడి పక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా కనబడదు. ఒరియావారి పండుగకు మారేడుపండు గుజ్జుతో చేసే పణా ఎండవేళ చల్లగా ఉంటుంది. వంటలో చెయ్యి కలిపిన కోడలికి తెలుగు మాట తనంతట తనే పట్టుబడుతుంది. ఆవిడ మాట మన పిల్లలకూ వస్తుంది. అందులో మనకు నష్టం ఏమీ లేదు.

పండుగ పొద్దున పొయ్యిల దగ్గర తొక్కిసలాట లేకుండా ఒక వరస పెట్టుకోండి. పులిహోర పులుసు ముందు రోజే కాచి ఉంచుకోవచ్చు. తెల్లవారుజామున మినపప్పు నానబెడితే మూడు నాలుగు గంటలకు రుబ్బడానికి సిద్ధమవుతుంది. పిండిలో నీళ్ళు తక్కువ పోయాలి, ఉప్పు చివరలో వేయాలి. లేకపోతే పిండి జారిపోయి గారెలు నూనె పీలుస్తాయి. ముందు పప్పు, కూర, చారు. తరువాత అన్నం వార్చి, ఆరబోసి, పులిహోర కలపడం. బొబ్బట్లకు ముగ్గురు కావాలి: పూర్ణం ఉండలు పెట్టేవారు ఒకరు, వత్తేవారు ఒకరు, పెనం దగ్గర ఒకరు. ఒక్కొక్కటి కాలడానికి రెండు నిమిషాలు అనుకున్నా, ఒకే పెనం మీద 50 కాల్చడానికి గంటన్నర దాటుతుంది. రెండు పెనాలు పెట్టండి. గారెలు మాత్రం విస్తళ్ళు వేసే వేళకే వేయించాలి. పిండి పిసకడం, కొబ్బరి కోరడం, బరువు గిన్నెలు దించడం మగవారి పని అని కాగితం మీద ముందే రాయండి. కొడుకులు, అల్లుళ్ళు వంటింట్లోకి వస్తే పండుగ మర్యాదకు లోటేమీ రాదు.

మరి ఇన్నాళ్ళూ ఒంటిచేత్తో లాక్కొచ్చిన ఆ అమ్మమ్మో, అవ్వో ఏం చేయాలి? ఆవిడను వంటింటి గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆవిడ మాట కావాలి, ఆవిడ చేతి కొలత కావాలి. నైవేద్యం కాకముందు రుచి చూడని ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. అలాంటి చోట ఉప్పు, కారం, పులుపు సరిపోవడానికి ఆధారం ఆవిడ కొలతే. "ఎంత ఉప్పమ్మా?" అని అడిగితే "ఇంత" అని పిడికిలి చూపిస్తారు. ఆ పిడికిలి అందరిదీ ఒకటి కాదు గదా. అందుకని ఒక పని చేయండి. ఆవిడ గుప్పెడు ఉప్పు, చిటికెడు ఇంగువ, చేరెడు చింతపండు తీసినప్పుడు గిన్నెలో పడకముందే త్రాసులో తూచి రాసుకోండి. గరిటెలూ, గ్లాసులూ కూడా కొలిచి రాయండి. సెల్‌ఫోన్ ఉన్న మనవడు ఆవిడ చెబుతుండగా గొంతు రికార్డు చేసి ఉంచాలి. రాత తెలుగులో రాయగలిగితే మరీ మంచిది. పిల్లలకు నాలుగు అక్షరాలు నేర్పడానికి ఆ కాగితమే ఒక పాఠం అవుతుంది. ఏడాదికి ఒక్క వంట చొప్పున ఒక్కొక్కరు నేర్చుకున్నా, ఏడేళ్ళకు విందు అంతా మీ చేతికి వస్తుంది.

చివరగా పంక్తి మాట. మన ఇళ్ళల్లో వండినవాళ్ళు ఆఖరి బంతిలో కూర్చుంటారు. అప్పటికి గారెలు చల్లారిపోయి, పులిహోర అడుగంటి, బొబ్బట్లు ఒకటో రెండో మిగిలి ఉంటాయి. ఈ ఉగాదికి పిల్లలకు, ముసలివారికి వడ్డించగానే రెండో బంతిలో వండినవారిని కూర్చోబెట్టండి. పొద్దుటినుంచి పొయ్యి దగ్గర లేనివారు నడుం కట్టి వడ్డించండి. వేడివేడి గారె వాళ్ళ విస్తట్లో పడాలి. పై ఏడాది వంటకు వాళ్ళు సంతోషంగా ఒప్పుకోవాలంటే ఇంతకు మించిన ఉపాయం లేదు. మధుమేహం ఉన్న పెద్దవారికి చిన్న బొబ్బట్టు ఒకటి వేరుగా కాల్చి ఉంచండి. పండుగ పూట ఉత్త విస్తరి ముందు కూర్చోనివ్వకండి. మిగిలిన పప్పు, కూర రాత్రికల్లా కానిచ్చేయాలి, ఎండలకు నిలవవు.

విందు ముగిశాక గోడ మీద కాగితం చింపేయకండి. ఏది ఎక్కువైంది, ఏది చాలలేదు, ఎవరు ఏం నేర్చుకున్నారు అన్నది దాని వెనక రాసి, పంచాంగంలో పెట్టి దాచండి. వచ్చే ఉగాదికి "ఎవరు వండుతారు?" అన్న ప్రశ్నకు జవాబుగా ఒక్క పేరు కాక, పది పేర్లు ఆ కాగితం మీద ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.