గాజు కాడ చెప్పే లెక్క

పాలకేంద్రంలో లాక్టోమీటరు చూసినవాళ్లకు ఈ రోజు నేను పరిచయం చేయబోయే పనిముట్టు కొత్తదేమీ కాదు. అది దాని తోబుట్టువే, హైడ్రోమీటరు. అడుగున బరువు, పైన సన్నటి గాజు కాడ, కాడ లోపల అంకెలు వేసిన కాగితం. ద్రవం చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, పల్చబడితే మునుగుతుంది. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాక హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఐటీ ఆఫీసుల నడుమ అక్కడికక్కడే బీరు కాచే చోట్లు వెలిశాయి. అక్కడి బ్రూవర్ల చేతిలో ఉండేది ఇదే. ఇంట్లో కాచుకోవడం మన దగ్గర కుదరదు, లైసెన్సు లేని తయారీని ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు. అమెరికాలో మాత్రం 1978 నాటి చట్టం దానికి దారి తెరిచింది కాబట్టి అక్కడి మనవాళ్లలో ఆ సరదా ఉన్నవాళ్లకు కూడా ఈ మాటలు పనికొస్తాయి.

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని దంచి వేడినీళ్లలో నానబెడితే అందులోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపి రసమే వర్ట్. నీటిని 1.000 అనుకుంటే మామూలు బీరుకు వర్ట్ 1.048 దగ్గర ఉంటుంది. ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మార్చేకొద్దీ అంకె దిగుతూ 1.012 దగ్గర నిలుస్తుంది. ఈ రెంటి తేడాను 131తో గుణిస్తే ఆల్కహాలు సుమారు 4.7 శాతం అని తేలుతుంది. ఇంగ్లండులో జాన్ రిచర్డ్‌సన్ 1784లో ఈ కొలతను బీరు కాచేవాళ్లకు వివరించి పుస్తకం రాశాడు. అంతకుముందు చాలామందికి నాలుకే ఆధారం.

అంకె అనుకున్నట్టు రాకపోతే అందరి అనుమానం ముందు ఈస్ట్ మీదికే పోతుంది. చచ్చిపోయిందంటారు, పాతదంటారు, ఇంకో ప్యాకెట్ వేస్తారు, లేదా చక్కెర కలుపుతారు. ఇది తలకిందుల పద్ధతని నా గట్టి అభిప్రాయం. హైడ్రోమీటరు చెప్పేది శాంపిల్ తీసిన జాడీలోని కాస్త ద్రవం ఆ క్షణంలో ఎంత చిక్కగా ఉందన్నది మాత్రమే. ట్యాంకులో ఏం జరుగుతోందన్నది మనం చేసుకునే ఊహ. పాలకేంద్రంలో దీనికి పాత సాక్ష్యం ఉంది. మంచి పాలకు లాక్టోమీటరు 28 నుంచి 32 దాకా చూపిస్తుంది. వెన్న తీస్తే అంకె పెరుగుతుంది, నీళ్లు పోస్తే తగ్గుతుంది, రెండూ కలిపి చేస్తే మళ్లీ 30 దగ్గరే నిలుస్తుంది. ఒకే అంకె వెనుక ఇన్ని కారణాలు ఉండగలిగినప్పుడు ఒక్కదాన్నే పట్టుకుని మందు వేయడం సరికాదు.

హైదరాబాదులో మొట్టమొదట చూడాల్సింది వేడి. నేటి హైడ్రోమీటర్లలో చాలావాటికి 20 డిగ్రీలే ప్రమాణం. అంతకన్నా వేడెక్కితే ద్రవం వ్యాకోచించి పల్చబడుతుంది. 30 డిగ్రీల దగ్గర రీడింగు రెండున్నర పాయింట్లు తక్కువ చూపిస్తుంది, 35 దగ్గర నాలుగు, 40 దగ్గర ఆరు. పాయింటంటే మూడో దశాంశ స్థానంలో ఒకటి. మే నెలలో శాంపిల్ తీసి నురుగు పోవడానికని బల్లమీద వదిలేశారనుకోండి. 35 డిగ్రీలకు చేరిన జాడీలో 1.016 కాస్తా 1.012గా కనిపిస్తుంది. పులియడం పూర్తయిందనుకుని సీసాల్లో నింపేస్తారు. మిగిలిన ఆ నాలుగు పాయింట్ల చక్కెర మూతబిగించిన సీసాలో పులిస్తే బీరు ఘనపరిమాణానికి సుమారు రెండింతల గ్యాసు అదనంగా పుడుతుంది. సీసా పగలవచ్చు. కాబట్టి నాలుగు పాయింట్లకే ఇంత హడావుడి ఎందుకన్న ప్రశ్నకు నా జవాబు ఈ లెక్కే. దీనికి ఎదురుగా, గ్యాసు బుడగలు కాడకు అంటుకుంటే హైడ్రోమీటరు పైకి లేచి లేని చక్కెరను చూపిస్తుంది. శాంపిల్‌ను ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నాలుగైదుసార్లు ఒంపి, జాడీలో హైడ్రోమీటరును ఒకసారి తిప్పి వదిలితే బుడగలు రాలిపోతాయి.

వేడిని సరిచూసే థర్మామీటరుకే తప్పుండవచ్చు. మరిగే నీళ్లలో ముంచి 100కు సరిచేయడం పుస్తకాల పద్ధతి. కానీ హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీలు దాటగానే మరుగుతాయి. దాన్నే 100 అనుకుని సరిచేసిన థర్మామీటరు 67 చూపించినప్పుడు బార్లీ నానుతున్నది నిజానికి 65 దగ్గర. అక్కడ ఈస్ట్ తినగలిగే చక్కెర ఎక్కువగా తయారవుతుంది కాబట్టి చివరి అంకె ఇంకా కిందికి దిగుతుంది. బీరు పల్చబడితే ఆ నింద ఈస్ట్ మీద పడుతుంది. హైడ్రోమీటరును పరీక్షించడానికైతే బోరు నీళ్లు వద్దు, అందులో కరిగిన లవణాలు అంకెను కొంచెం జరుపుతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు.

కొత్త పరికరాలు వచ్చాక ఈ గొడవంతా ఎందుకనే వాదన ఐటీ కారిడార్‌లో సహజంగానే వినిపిస్తుంది. కాంతి వంగే తీరును బట్టి చక్కెరను లెక్కించి రెండు చుక్కలతోనే పని కానిచ్చే రిఫ్రాక్టోమీటరు నిజంగా మంచి పరికరం, అయితే పులియక ముందే. ఆల్కహాలు చేరాక కాంతి వంగే తీరు మారిపోతుంది. 12 బ్రిక్స్‌తో, అంటే సుమారు 12 శాతం చక్కెరతో మొదలైన బీరు 1.012కు దిగినప్పుడు కూడా అది ఇంకా 6 బ్రిక్స్ చూపిస్తుంది, దాన్ని నేరుగా మార్చి చదివితే 1.024 వస్తుంది. ఆగని పులియడం ఆగిపోయినట్టు కనిపించే కేసుల్లో ఇదొక పెద్ద కారణం. ట్యాంకులో వాలి తేలుతూ, ఆ వాలును బట్టి ఫోనుకు అంకెలు పంపే సెన్సారుకు కూడా నురుగో ఈస్టో అంటుకుంటే వాలు మారి లెక్క తప్పుతుంది. పరికరం మారితే పొరబాటు చోటు మారుతుంది, అంతే.

ట్యాంకులోంచి బుడగలు వస్తున్నాయి కదా, పులుస్తోందనడానికి అది చాలదా అంటే చాలదు. గది వేడెక్కినా కరిగి ఉన్న గ్యాసు బయటికొస్తుంది. కొలతలన్నీ సరిచూశాక, ట్యాంకు నిండా బాగా కలిసి ఉందని తేలాక, మూడు రోజులు వరసగా 1.020 దగ్గరే నిలిస్తే అప్పుడు ఈస్ట్ సంగతి తేల్చుకోవాలి. దానికీ ఊహ అక్కర్లేదు. ట్యాంకులోంచి అర లీటరు పక్కకు తీసి, తాజా ఈస్ట్ దండిగా వేసి, వెచ్చటి చోట పెట్టి, అప్పుడప్పుడు కుదుపుతూ ఒకటి రెండు రోజులు ఉంచాలి. అది కూడా 1.020 దగ్గరే ఆగితే వర్ట్‌లో తినదగిన చక్కెర అయిపోయిందని, తప్పు నానబెట్టినప్పటి వేడిదని అర్థం. అది 1.012కు దిగితే మాత్రం ట్యాంకులో ఈస్ట్ నిజంగానే అలసిపోయింది, కొత్తది వేయవచ్చు.