స్టీరింగుకు కట్టిన పానా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్లుగా వాహనాల బ్రేకులతో కుస్తీ పడుతున్నవాణ్ణి కాబట్టి నన్ను కార్ల గురించి మాట్లాడమన్నారు. అలాగే మాట్లాడతాను. కాకపోతే స్కాట్లండ్ దాకా వెళ్లి మన బడికి తిరిగొస్తాను. కాస్త ఓపిక పట్టండి.

స్కాట్లండ్ జనాభా మన హైదరాబాదు జనాభా కంటే తక్కువ. అయినా చక్రం మీద నడిచే ప్రతి బండీ ఆ దేశానికి రుణపడి ఉంది. స్టోన్‌హేవెన్‌లో పుట్టిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో, 23 ఏళ్ల వయసులో, గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి కారన్నదే లేదు. గుర్రబ్బండ్లకు దాని అవసరం ఎవరికీ తోచలేదు, లోకం మరిచిపోయింది. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే మరో స్కాట్లండ్ మనిషి దానికే మళ్లీ పేటెంటు పొందాడు. ఆయన బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి చేసిన పని అది. థామ్సన్ ముందే కనిపెట్టాడని తేలడంతో ఆ పేటెంటు చెల్లకుండా పోయింది, పేరు మాత్రం డన్‌లప్‌దే నిలిచింది. మన నాన్నల సైకిలు టైర్ల మీద చూసిన పేరు అదే.

ఇక రేసులు. గొర్రెలు కాచే రైతు కుటుంబం నుంచి వచ్చిన జిమ్ క్లార్క్ 1963, 1965లలో ప్రపంచ చాంపియన్. పాల్గొన్నవి 72 గ్రాండ్ ప్రీ రేసులు, గెలిచినవి 25. ఆయన తర్వాత జాకీ స్టీవర్ట్ 99 రేసుల్లో 27 గెలిచి, 1969, 1971, 1973లలో చాంపియన్ అయ్యాడు. నేను చెప్పదలచుకున్నది ఈయన గురించే.

డంబార్టన్ బడిలో స్టీవర్ట్ మొద్దబ్బాయి. చదవమంటే అక్షరాలు కలిసిపోయేవి. టీచర్లు నలుగురిలో నిలబెట్టి తిట్టేవారు, పిల్లలు నవ్వేవారు. పదహారేళ్లకల్లా చదువుకు స్వస్తి చెప్పి, తండ్రి గ్యారేజీలో మెకానిక్ పనికి చేరాడు.

1966 జూన్‌లో బెల్జియంలోని స్పా రేసు. మొదటి చుట్టులోనే వాన. గంటకు సుమారు 265 కిలోమీటర్ల వేగంలో స్టీవర్ట్ కారు జారి రోడ్డు దిగిపోయింది. స్టీరింగు కింద కాలు ఇరుక్కుంది. ట్యాంకు పగిలి ఒళ్లంతా పెట్రోలు. ఒక్క నిప్పురవ్వ చాలు. ట్రాక్ సిబ్బంది దగ్గర పనిముట్లు లేవు. అక్కడే జారిపోయిన గ్రాహమ్ హిల్, బాబ్ బాండురాంట్ పరుగెత్తుకొచ్చి, ప్రేక్షకుల దగ్గర పానా అడిగి తెచ్చి స్టీరింగు విప్పారు. ఆయన బయటపడేసరికి సుమారు 25 నిమిషాలు పట్టింది. ఆ తర్వాత అంబులెన్సు కూడా దారి తప్పింది.

కోలుకున్నాక స్టీవర్ట్ చేసిన మొదటి పని ఏమిటంటే, తన కారు స్టీరింగుకే ఒక పానా టేపుతో అంటించుకున్నాడు. నా దృష్టిలో ఇంజనీరింగంటే అదే. అంతటితో ఆగలేదు. సీటు బెల్టులు, ముఖం కప్పే హెల్మెట్లు, ట్రాక్ పక్కన కంచెలు, డాక్టర్లు కావాలని పట్టుబట్టాడు. 1968 ఏప్రిల్‌లో హాకెన్‌హైమ్‌లో జిమ్ క్లార్క్ కారు చెట్లను గుద్దుకుని ఆయన చనిపోయాడు. ఆ చెట్లకు, ట్రాక్‌కు మధ్య కంచె లేదు. స్టీవర్ట్ గొంతు మరింత పెరిగింది. ట్రాక్ యజమానులు విసుక్కున్నారు, పిరికివాడని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. అదే ఏడాది పొగమంచులో, వానలో, గాయపడిన మణికట్టుతో నూర్బర్గ్‌రింగ్‌లో నాలుగు నిమిషాల తేడాతో గెలిచినవాణ్ణి పిరికివాడనడం ఎలాగో నాకు తెలియదు! డ్రైవర్లు పట్టు విడవకపోవడంతో 1969లో స్పా రేసే జరగలేదు. 1973లో సహచరుడు ఫ్రాంస్వా సెవేర్ ప్రాక్టీసులో చనిపోతే, తన నూరో రేసు వదులుకుని తప్పుకున్నాడు.

1980లో కొడుక్కి పరీక్షలు చేయిస్తే డిస్లెక్సియా అన్నారు. తండ్రికీ చేశారు, అదే తేలింది. నలభై దాటాక, మూడుసార్లు ప్రపంచాన్ని గెలిచాక, తాను మొద్దు కాదని ఆయనకు తెలిసింది! అక్షరమాల చివరిదాకా చెప్పలేనని ఆయనే చెప్పుకున్నాడు. 22 కిలోమీటర్ల పైచిలుకు నూర్బర్గ్‌రింగ్‌లో ప్రతి మలుపూ మాత్రం ఆయనకు కంఠస్థం.

ఇప్పుడు మన బడికి వస్తాను. ఈ యాభై ఏళ్లలో మన వెనక బెంచీల నుంచి, ఒత్తులు, గుణింతాలు తారుమారయ్యే పిల్లలు ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారో ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఈ సావనీరులోనూ వారి ఫొటోలు లేవు. అప్పటి మాస్టార్లను నేను తప్పు పట్టడం లేదు. ఆ మాటే అప్పట్లో ఇక్కడ వినబడలేదు. ఇప్పుడు మనకు ఆ సాకు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందినీ గుర్తించింది.

బడి ముందు ఆర్చి కట్టాలన్న ప్రతిపాదన ఉంది. కట్టుకుందాం, ఒక ఏడాది ఆగి. ముందు ఆ డబ్బుతో, ఆరో తరగతిలో చేరే ప్రతి పిల్లవాణ్ణీ, పిల్లనూ తెలిసిన నిపుణుల చేత పరీక్ష చేయిద్దాం. మన టీచర్లకు శిక్షణ ఇప్పిద్దాం. నా వంతు చందా ఈ రోజే కార్యదర్శి గారికి ఇస్తున్నాను.

పానా కోసం వెతుక్కునే పరిస్థితి మన పిల్లలకు రాకూడదు. చేతికందే దూరంలో కట్టి ఉంచడం పెద్దలుగా మన పని.