రేడియో స్కానరు: స్థలము, పరిధి
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభదినమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. సాహిత్యమును గూర్చి చెప్పగల పెద్దలు ఈ వేదికపై పెక్కురు కలరు. కావున నేను ఒక యంత్రమును గూర్చియు, దానిని వాడుటలో నేను చేసిన రెండు పొరపాట్లను గూర్చియు చెప్పదలచితిని. వానిలో మొదటిది మా ఇంటివారి ప్రాణముల మీదికి తేదగినది. ఇందు పరిహాసమునకు తావున్నను, నేర్చుకొనదగినది లేకపోలేదు.

రేడియో మనకు కొత్త గాదు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమయ్యెను. పెట్టెకు లైసెన్సు రుసుమును తపాలా కార్యాలయమున చెల్లించిన దినములు మనలో పెద్దవారికి జ్ఞాపకమే. ఆ రేడియోలో మర త్రిప్పి, ముల్లును జరిపి, మనమే కేంద్రమును వెదకుకొనెడివారము. స్కానరు అనునది ముల్లును తానే త్రిప్పుకొను రేడియో యని చెప్పవచ్చును. పోలీసులు, అగ్నిమాపక దళమువారు, అంబులెన్సువారు తమలో తాము మాటలాడుకొను చానళ్లను అది ఒకదాని వెంట నొకటి తడవిచూచును. మాట వినబడినచోట నిలుచును. మాట ముగియగానే ముందునకు సాగును.

ఇట్టి యంత్రమును మన దేశమున ప్రభుత్వానుమతి లేనిదే ఉంచుకొనరాదు. అమెరికాలో గుప్తము గాని ఇట్టి సంభాషణలను వినుటకు సామాన్యముగా అభ్యంతరము లేదు. అయితే కొన్ని రాష్ట్రములలో వాహనమున నుంచుకొనుటకు నిర్బంధములు కలవు. పోలీసులు పెక్కుచోట్ల తమ మాటలను సంకేతబద్ధము చేసికొనుచున్నారు. అట్టివి ఏ స్కానరుకును అర్థముగావు.

2019లో నేను కొన్ని నెలలు అమెరికాలో మా అబ్బాయి యింట నుంటిని. వారు టెక్సాస్ రాష్ట్రమునందలి డల్లాస్ నగరమును విడిచి, ఓక్లహోమా రాష్ట్రమునందలి నార్మన్ పట్టణమునకు కొత్తగా కాపురము మార్చిరి. ఆ రెంటికిని నడుమ సుమారు 190 మైళ్ల దూరము. ఓక్లహోమా టోర్నడోలు అను భీకరమైన సుడిగాలులకు పేరుపడిన నేల. 2013 మే 20వ తేదీన నార్మన్‌కు పొరుగుననే యున్న మూర్ పట్టణమును అట్టి సుడిగాలి నేలమట్టము చేయగా 24 మంది మరణించిరి. అందుచేత మా అబ్బాయి ఇంట స్కానరు నుంచుకొనెను.

మే నెలలో ఒక రాత్రి అబ్బాయి పనిమీద పొరుగూరికి పోయియుండెను. ఇంట కోడలు, ఇద్దరు పిల్లలు, నేను. ఆకాశము నల్లబడెను. "మామయ్యగారూ, స్కానరులో ఏమైనా చెప్పుచున్నారా?" యని కోడలు అడిగెను. నేను యంత్రము ప్రక్కనే కూర్చుంటిని. అది నిశ్శబ్దముగా నుండెను. "ఏమియు లేదమ్మా, అంతయు క్షేమమే. పిల్లలను పడుకొనబెట్టుము" అంటిని. కొంతసేపటికి ఎవరో తలుపు దబదబ బాదిరి. ప్రక్క యింటి వృద్ధుడు! ఆయన లైసెన్సు గల అమెచ్యూర్ రేడియో వ్యక్తి. తుపాను మేఘములను కనిపెట్టి వాతావరణ శాఖకు తెలుపు స్వచ్ఛంద సేవకులలో ఒకడు. "పిల్లలను ఎత్తుకొని మా నేలమాళిగకు రండు" అనెను. మేము మెట్లు దిగుచుండగా ఊరి సైరను మ్రోగెను. దైవకృపచే సుడిగాలి మా వీధికి రాలేదు. కాని చీకటిలో పిల్లలను ఒడిలో నుంచుకొని కూర్చున్న ఆ అరగంటసేపు, "అంతయు క్షేమమే" యన్న నా మాటయే నా చెవులలో మ్రోగుచుండెను.

మరునాడు ఆ వృద్ధుడు మా స్కానరును చేతబట్టి చూచి నవ్వెను. "ఇది ఇంకను డల్లాస్‌లోనే యున్నది" అనెను.

ఆయన నాకు బోధపరచిన సంగతి యిది. ఆ యంత్రపు జ్ఞాపకశక్తిలో అమెరికా, కెనడా దేశములలోని వేలాది చానళ్ల పట్టిక నిక్షిప్తమై యుండును. అన్నిటిని తడవుట అసాధ్యము. కావున యంత్రము మనలను రెండు ప్రశ్నలడుగును. "నీవెక్కడ నున్నావు?" అనునది మొదటిది. అదియే స్థలము. "నీ చుట్టును ఎంత దూరము వారిని పట్టికలో చేర్చవలెను?" అనునది రెండవది. అదియే పరిధి. స్థలమును ఐదంకెల తపాలా సంఖ్యతో గాని, అక్షాంశ రేఖాంశములతో గాని చెప్పవచ్చును. జి.పి.ఎస్. పరికరమును తగిలించినచో మనము కదలినకొలది అదియే స్థలమును మార్చుకొనును. లేనిచో మనమే మార్చవలెను. మేము ఇల్లు మారితిమి గాని యంత్రమునకు ఆ మాట చెప్పలేదు. అది 190 మైళ్ల దూరమందలి డల్లాస్ చానళ్లనే తడవుచుండెను. అంత దూరమునుండి ఏ మాటయు చేరదు గనుక మౌనముగా నుండెను. ఆ మౌనమును నేను క్షేమమని భ్రమించితిని. ఇది నా మొదటి పొరపాటు.

స్థలమును సరిదిద్దితిమి. అంతట నాకు అత్యాశ పుట్టెను. పరిధిని మిక్కిలి పెంచినచో యంత్రము మిక్కిలి దూరము వినునని తలచి యాబది మైళ్లకు పెంచితిని. మరునాటినుండి స్కానరు ఎడతెగక మాటలాడెను. ఓక్లహోమా సిటీ నగరపు చానళ్లు, మనకెరుగని పల్లెలవి, అన్నియు వినవచ్చెను. ఒకనాడు మా వీధి చివరనే అగ్నిమాపక శకటము వచ్చి నిలిచెను. స్కానరులో ఆ మాటయే లేదు! యంత్రము ఒక చానలుపై నిలిచినంతసేపు తక్కినవానిని వినజాలదు. దూరపు మాటల సందడిలో దగ్గరి మాట జారిపోయినది. ఇది రెండవ పొరపాటు.

పరిధి అనునది చెవికి బలము గాదు. అది ఎంపిక మాత్రమే. పట్టికలోని ప్రతి సంస్థకును ఒక కేంద్రము, దాని చుట్టును ఒక వలయము నిర్ణయింపబడి యుండును. మన స్థలము చుట్టును మన పరిధి మరియొక వలయము. ఈ రెండు వలయములు ఒకదానినొకటి తాకినచో ఆ సంస్థ మన జాబితాలో చేరును. ఉదాహరణకు, ఒక సంస్థ కేంద్రము మనకు 30 మైళ్ల దూరమున నున్నది. దాని వలయము 20 మైళ్లు. మన పరిధి 5 మైళ్లయినచో మొత్తము 25; వలయములు తాకవు; అది చేరదు. పరిధి 15 మైళ్లయినచో మొత్తము 35, అది చేరును. పరిధిని సున్నగా నుంచినచో మన యిల్లు ఎవరి వలయములో నున్నదో వారు మాత్రమే చేరుదురు. సున్న యనగా చెవిటితనము గాదు, మన ఊరు అని అర్థము.

మరి ఎంత దూరము వినబడుననునది దేనిపై నాధారపడును? ఈ తరంగములు ఇంచుమించు చూపు సాగినట్లు సూటిగా సాగునవి. భూమి వంపు వానికి అడ్డుపడును. 25 మీటర్ల ఎత్తునగల ఏరియలునుండి దిక్చక్రము సుమారు 13 మైళ్లు. 100 మీటర్ల ఎత్తునుండి సుమారు 26 మైళ్లు. ఎత్తు నాలుగు రెట్లయిన దూరము రెండు రెట్లే. మన ఏరియలు ఎత్తు, నడుమ గల కొండలు, కట్టడములు దీనికి తోడగును. సింహళమునుండి వచ్చిన షార్టువేవ్ పాటలు ఆకాశపు పై పొరలలో వంగి మన ఊరికి చేరెడివి. స్కానరు వినెడి తరంగములకు సామాన్యముగా అట్టి మార్గము లేదు. కావున మీట నొక్కి పరిధిని పెంచినంత మాత్రమున దూరపు మాట దగ్గరకు రాదు.

ఆ వృద్ధుడు మరియొక హితవు చెప్పెను. ప్రాణరక్షణకు స్కానరునే నమ్ముకొనరాదట. ఆ దేశపు వాతావరణ రేడియో 162.400 మొదలు 162.550 మెగాహెర్ట్‌జుల వరకు గల ఏడు చానళ్లపై పనిచేయును. దానికై ప్రత్యేకముగా చేసిన పెట్టె హెచ్చరిక రాగానే తానే మ్రోగి నిద్ర లేపును. అయితే దానికిని మన జిల్లా వంటి కౌంటీ యొక్క ఆరంకెల సంఖ్యను చెప్పవలెను. ఇల్లు మారినపుడు ఆ సంఖ్యను గూడ మార్చవలెను. మేము ఆ దినమే ఒక పెట్టె కొని తెచ్చితిమి. స్కానరు పరిధిని ఐదు మైళ్లకు తగ్గించితిమి. నా కోడలు ఒక కాగితముపై తపాలా సంఖ్యను, కౌంటీ సంఖ్యను వ్రాసి రెండింటికిని అంటించెను.

సోదరులారా! 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనను చూచిన మన తీరవాసులకు, వార్త చేరుటకును చేరకుండుటకును గల భేదమెంతటిదో నేను చెప్పనక్కరలేదు. నేడు మన దేశమందును ప్రాంతమును బట్టి సెల్ ఫోనులకు హెచ్చరికలు పంపు ఏర్పాటు కలదు. యంత్రములు పెరుగుచున్నవి. కాని వాని ఎదుట కూర్చున్నవాడు అడుగవలసిన మొదటి ప్రశ్న మారలేదు: ఈ యంత్రము నేనున్న చోటనే యున్నదా? మౌనముగా నున్నచో, వార్త లేక మౌనమా, వినవలసిన చోట వినక మౌనమా?

మన గ్రంథాలయమున పుస్తకముల పట్టిక కలదు, బీరువాలు కలవు. పట్టికలో పేరు వ్రాసినంత మాత్రమున పుస్తకము బీరువాలోనికి రాదు. స్కానరు పరిధియు అట్టిదే. ఇరువదియైదేండ్లుగా ఈ సంస్థ, మన ఊరికేమి కావలయునో చూచుకొని, చేతికందు పుస్తకమును చదువరి చేతికిచ్చుచున్నది. అది ఇట్లే వర్ధిల్లుగాక!