తనపై తనకు దయ



ఉపాధ్యాయుడు ప్రతి ఉదయం హాజరుపట్టీ తెరచి ఒక్కొక్కరిని పేరుపేరునా పిలుస్తాడు. పలకని బిడ్డను గురించి వాకబు చేస్తాడు. దినమంతా ఇతరులను విచారించే మనిషి తన మనస్సును మాత్రం విచారించడం అరుదు.

తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం పాఠశాలల్లో దశలవారీగా తప్పనిసరి అయింది. ఇంటా బడిలోనూ తెలుగులోనే పెరిగిన విద్యార్థికి ఆ పరీక్షలో మార్కులు తగ్గితే, తాను చేతకానివాడనని తన్ను తాను నిందించుకొంటాడు. అదే కష్టం స్నేహితునికి కలిగితే భుజం తట్టి ఓదారుస్తాడు. ఆ ఓదార్పులో తనకూ వాటా ఉంచుకోవడమే ఆత్మకరుణ.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో దీనికి మూడు అంగాలు చెప్పారు: తన పట్ల దయ, లోపాలూ కష్టాలూ మానవులందరికీ సామాన్యమన్న గ్రహింపు, బాధను దాచక, పెంచక, ఉన్నదున్నట్లు గమనించే ఎరుక.

ఆచరణ సులభం. మధ్యాహ్నపు గంట మ్రోగినప్పుడు, సంధ్యాదీపం పెట్టే వేళ, నిద్రకు ముందు క్షణకాలం ఆగి ప్రశ్నించుకోవాలి: శరీరం ఎట్లున్నది? మనస్సులో ఏమున్నది? ఇప్పుడు కావలసినదేమి? ఆకలి, అలసట, భయం, కోపం, ఏది కనిపించినా తీర్పు చెప్పక పేరు పెట్టి గుర్తిస్తే చాలు.

ఇది సోమరితనానికి సాకు కాదు. నిందకు బెదరిన మనస్సు తప్పును దాచుకొంటుంది. దయ పొందిన మనస్సు దానిని దిద్దుకొంటుంది. దుఃఖం దినాల తరబడి వీడకపోతే పెద్దలతోనో వైద్యునితోనో చెప్పుకోవడం కూడా ఆత్మకరుణయే. ఈ విద్యకు మార్కులు లేవు. అయినను నేర్చినవారికి జీవితాంతం తోడుంటుంది.