వార్తలలో గిరిజనులు

పాలకొండ దాటి సీతంపేట దారి పట్టినా, పార్వతీపురం నుండి సాలూరు వైపు వెళ్ళినా తూర్పు కనుమలు మనకు తోడుగా వస్తవి. సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు ఆ కొండలలోను, వాటి పాదాల యందును తరతరాలుగా నివసిస్తున్నారు. శ్రీకాకుళం జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను, పార్వతీపురం మన్యం జిల్లా 2022లోను ఏర్పడినవి. జిల్లాల ఎల్లలు మారినవి గాని, వార్తలలో ఈ ప్రజలు కనబడే తీరు అంతగా మారలేదు.

జ్వరాలు ప్రబలినపుడు వారు రోగులు. గర్భిణిని డోలీలో మోసికొని వచ్చినపుడు దీనులు. ఉత్సవం జరిగినపుడు థింసా ఆడే నర్తకులు. ఈ మూడు సందర్భాలు తప్పిన మిగిలిన దినాలలో వారు ఏమి పండించినారో, పిల్లలను ఏ బడికి పంపినారో, ఏ విషయమై తమలో తాము వాదించుకొన్నారో పాఠకునికి తెలియదు. వరి ధర తగ్గితే అది వార్త. సీతంపేట సంతలో చింతపండు, కొండచీపుళ్ళు, అనాస, జీడిపిక్కల ధర పడిపోతే అది అరుదుగా వార్త అవుతుంది. అటవీ ఉత్పత్తులను కొనడానికి గిరిజన సహకార సంస్థ 1956లోనే ఏర్పడినది. కనుక ఆ ధర కూడా ప్రజావిషయమే గదా!

మాటల సంగతి చూడండి. “అమాయక గిరిజనులు” అనేది మన పత్రికలలో జంటపదమైపోయినది. ఏ విత్తనం ఏ వాలులో మొలకెత్తునో, ఏ గడ్డ ఏ మాసంలో త్రవ్వవలెనో ఎరిగినవానిని అమాయకుడనడం జాలివలె కనబడుతుంది గాని, అది అతని తెలివిని కాదనడమే. పైగా “గిరిజనులు” అనే ఒక్క మాటలో ఎన్నో జాతులు కలిసిపోతున్నవి. సవర భాష తెలుగు కుటుంబానికి చెందినది కాదు. అది ముండా భాషలలో ఒకటి. జాతాపులలో అధిక సంఖ్యాకులు తెలుగే మాట్లాడుతారు. ఇద్దరినీ ఒకే పేరుతో పిలిచి, ఒకే బొమ్మ గీస్తే ఇద్దరిలో ఎవరినీ చూపినట్లు కాదు.

ఈ విషయంలో మనకు మార్గదర్శి మన ప్రాంతంలోనే ఉన్నారు. శ్రీముఖలింగం చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న కాలంలో సవరల భాషను వారి నోటనే నేర్చుకొన్నారు. వారి పిల్లలకు బడులు పెట్టించి, వారి భాషలోనే వాచకాలు కూర్చినారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడినవి. ముందు విని, తరువాత వ్రాయడం ఆయన పద్ధతి. వార్త వ్రాసేవారికి ఇంతకన్న మంచి పాఠం మరొకటి లేదు.

వినకపోవడం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద, గిరిజన సంఘం మహాసభకు వెళుతున్న వారిపై భూస్వాముల పక్షం జరిపిన కాల్పులలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు మరణించినారు. తరువాత జరిగిన సాయుధ పోరాటంతోను, పోలీసు చర్యలతోను శ్రీకాకుళం పేరు దేశమంతటా మారుమ్రోగినది. అంతకు పూర్వం ఎన్నో ఏండ్లుగా అప్పుల క్రింద పొలాలు చేజారుతూనే ఉన్నవి. గిరిజనుల భూమిని కాపాడడానికి 1959లో నిబంధన చేసి, 1970లో దానిని మరింత కఠినం చేయవలసివచ్చినది. తుపాకి ప్రేలుడు ఒక్క దినపు సంఘటన గనుక పతాకశీర్షిక అవుతుంది. భూమి చేజారడం నెమ్మదిగా జరిగే పని. దానికి తేదీ లేదు గనుక వార్త కాలేకపోతుంది.

అదే 1967లో అమెరికా నగరాలలో నల్లజాతివారి పేటలలో అల్లర్లు చెలరేగినవి. వాటిని విచారించిన కెర్నర్ సంఘం 1968లో తన నివేదిక సమర్పిస్తూ, అక్కడి పత్రికలు లోకాన్ని శ్వేతజాతివారి కన్నులతోనే చూస్తున్నవని ఆక్షేపించినది. నల్లజాతివారిని విలేఖరులుగా, సంపాదకులుగా తీసికొనవలెనని సూచించినది. ఆ సూచన మనకును వర్తిస్తుంది. కొండ మీది వార్త తరచుగా క్రింది కార్యాలయం నుండి వస్తుంది. అధికారి మాట తెలుగులో సులభంగా దొరకుతుంది, సవర ముసలివాని మాట దొరకదు. సవర, జాతాపు యువకులలో చదువుకొన్నవారు నేడు ఉన్నారు. వారికి కలం, కెమెరా, మైకు అందించి, ఆ పనికి తగిన జీతం ఇస్తే ఈ కొరత చాలావరకు తీరుతుంది.

డోలీ వార్త వ్రాయవద్దని నా అభిప్రాయం కాదు. తప్పక వ్రాయవలసినదే. కాని ఆ త్రోవకు రోడ్డు ఎన్నడు మంజూరైనది, అటవీశాఖ అనుమతి వచ్చినదా, పని ఏ మలుపు వద్ద ఆగినది, ఈ విషయమై ఊరివారు ఎవరికి ఎన్ని అర్జీలు పెట్టుకొన్నారు అన్నవి కూడా వ్రాయవలె. అప్పుడు ఆ మోసేవారు జాలిపడదగిన బొమ్మలుగా కాక, హక్కు అడుగుతున్న పౌరులుగా కనబడతారు.

ఈ బాధ్యత విలేఖరులది మాత్రమే కాదు. పత్రిక చదివేటపుడు, రేడియో వినేటపుడు, టెలివిజన్ చూచేటపుడు మనమూ ఒక ప్రశ్న వేసికొనవచ్చు: కొండ మీది ఊరిని గురించిన ఈ వార్తలో ఆ ఊరివారి మాట ఒక్కటైనా ఉన్నదా? లేదని తోచినపుడు సంపాదకునికి ఒక ఉత్తరం వ్రాయడం మన చేతిలోని పనియే.